ఆ మైదానానికి మేనేజర్ ఎవరు?

కాసిపేట, మందమర్రి, బెల్లంపల్లి, రామగుండం, గోదావరిఖని ప్రాంతాల్లో సేవా నిధి కోసం కార్ల ప్రదర్శనలు, వాహన ర్యాలీలు తలపెట్టే సంఘాల పెద్దలకు, వాటికి అనుమతులిచ్చే రెవెన్యూ, పోలీసు అధికారులకు, మైదానాలిచ్చే సింగరేణి బొగ్గు గనుల యాజమాన్యానికి కాసిపేట నుంచి రాస్తున్న బహిరంగ లేఖ.



“ఎండలుంటే ఏమైంది? మంచి పనికే కదా!”

వేసవిలో పెట్టే కార్యక్రమాల గురించి ఎవరైనా నసిగితే మీ దగ్గర్నుంచి వచ్చే జవాబు ఇదే. ఈ మాట విని ఊరుకోవడం ఇక నావల్ల కాదు. పేద పిల్లల చదువుకో, జబ్బుపడ్డవారి వైద్యానికో నాలుగు రూపాయలు పోగు చేయాలన్న మీ సంకల్పాన్ని నేను శంకించడం లేదు. నా అభ్యంతరమల్లా మీరు పెట్టుకుంటున్న తేదీ మీద, ఎంచుకుంటున్న వేళ మీద. అంతకన్నా ముఖ్యంగా, ఒకసారి ఫ్లెక్సీ కట్టాక ఏ హెచ్చరిక వచ్చినా ఆపేది లేదన్న మీ పంతం మీద. మే నెల పట్టపగలు, చెట్టు నీడ లేని మైదానంలో కార్లను వరుసగా నిలబెట్టి, వాటి చుట్టూ జనాన్ని నిలబెట్టి, పదకొండింటికి రావలసిన ముఖ్య అతిథి కోసం ఒంటిగంట దాకా ఎదురుచూడటాన్ని సేవ అని ఏ నోటితో అనమంటారు?

మన ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకిందంటే, అది మామూలు కంటే ఎంత ఎక్కువ అన్న లెక్కతో పని లేకుండానే వాతావరణ శాఖ దాన్ని వడగాలి కింద జమకడుతుంది. 47 తాకితే తీవ్రమైన వడగాలి అంటుంది. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో 45 అనేది ఎవరూ ఆశ్చర్యపోయే అంకె కాదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. పేపర్లో పడే ఆ 45 నీడలో కొలిచినది. వాతావరణ కేంద్రంలో థర్మామీటరును గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, సూర్యకిరణాలు నేరుగా సోకకుండా పెడతారు. మీ మైదానంలో నిలబడ్డ మనిషికి ఆ పెట్టె ఉండదు. నెత్తిన ఎండ, కాళ్ల కింద కాలిన నేల, పక్కన కాగుతున్న రేకు ఉంటాయి. అక్కడి వేడిని మీలో ఎవరైనా ఎప్పుడైనా కొలిచారా?

కొలవడం మన ప్రాంతానికి తెలియని విద్య కాదు. బొగ్గుబాయి దిగిన ప్రతి మనిషికీ హైగ్రోమీటర్ తెలుసు. రెండు థర్మామీటర్లుంటాయి, ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది. పిడి పట్టుకుని గిరగిరా తిప్పి, వెంటనే తడి బల్బు దగ్గర అంకె చూస్తారు. చెమట ఆరి ఒళ్లు చల్లబడే వీలు అక్కడ ఉందా లేదా అన్నది ఆ అంకె చెబుతుంది. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం పని జాగాలో ఆ అంకె 33.5 డిగ్రీలు దాటకూడదు. 30.5 దాటిందంటే అక్కడ గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో ఆడాలి. అంటే భూమి లోపల, వందల అడుగుల కింద, జీతం తీసుకుని పనిచేసే మనిషి కోసం చట్టం వేడికి ఒక హద్దు గీసింది. భూమి పైన, విరాళం ఇవ్వడానికి వచ్చిన మనిషి కోసం మీరు గీసిన హద్దు ఏది?

హద్దు ఒక్కటే కాదు, దానికి జవాబుదారీ కూడా ఉంది. 1952 నాటి గనుల చట్టం కింద ప్రతి గనికీ ఒక మేనేజర్ ఉండి తీరాలి. ఆ గనిలో మంచి జరిగినా చెడు జరిగినా ముందు అడిగేది ఆయన్నే. ప్రమాదం పొంచి ఉందని తెలిస్తే మనుషుల్ని పైకి రప్పించాల్సిందే. ఆ షిఫ్టులో ఎన్ని టన్నులు తగ్గుతాయన్నది తర్వాతి మాట. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయిన రోజును మరిచిపోని నేల ఇది. ప్రమాదాన్ని విధి ఖాతాలో రాసేసి చేతులు దులుపుకోవడాన్ని ఈ నేల ఒప్పుకోదు. అందుకే నా మొదటి ప్రశ్న: మీ ప్రదర్శన జరిగే మైదానానికి మేనేజర్ ఎవరు? ఆహ్వాన పత్రికలో అధ్యక్షుల పేర్లున్నాయి, గౌరవ అతిథుల పేర్లున్నాయి, స్పాన్సర్ల పేర్లు అందరికన్నా పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. ఎండ మితిమీరితే “ఇక చాలు, ఆపండి” అనే అధికారం ఉన్న మనిషి పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు.

అట్లాంటి మనిషి లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. 2023 ఏప్రిల్ 16న నవీ ముంబై దగ్గర ఖార్ఘర్ మైదానంలో మహారాష్ట్ర భూషణ్ పురస్కార సభ జరిగింది. సమాజ సేవ చేసిన పెద్దమనిషికి సన్మానం. ఆయన అభిమానులు లక్షల్లో వచ్చారు. సభ మధ్యాహ్నం దాకా సాగింది. ఎండదెబ్బకు 14 మంది చనిపోయారు. ఆ రోజు దగ్గరలోని కేంద్రంలో నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత ఎంతో తెలుసా? సుమారు 38 డిగ్రీలు. మన దగ్గర మే నెలలో 38 అంటే “ఇయ్యాల జర చల్లగుంది” అనుకుంటాం. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, నీడ తక్కువ, గంటల తరబడి కూర్చోక తప్పని పరిస్థితి. అంతే, అంకె చిన్నదైనా ప్రాణం ఆగలేదు. ఆ వారంలోనే మహారాష్ట్ర ప్రభుత్వం ఎండలు తగ్గేదాకా మధ్యాహ్నం 12 నుంచి 5 వరకు ఆరుబయట కార్యక్రమాలు పెట్టొద్దని ప్రకటించాల్సి వచ్చింది. 14 మంది పోయాక తీసుకున్న ఆ నిర్ణయాన్ని మనం ఒక్కరూ పోకముందే ఎందుకు తీసుకోకూడదు?

చెన్నై సంగతి కూడా చూడండి. 2024 అక్టోబర్ 6న మెరీనా తీరంలో వైమానిక దళ విన్యాసాలు జరిగాయి. అది వేసవి కూడా కాదు. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డ లక్షల జనంలో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. అక్కడ ఏర్పాట్లు చేసింది ఏదో చిన్న సంఘం కాదు. వైమానిక దళం, రాష్ట్ర ప్రభుత్వం, నగర పోలీసులు, ఆసుపత్రులు అన్నీ ఉన్నాయి. అన్నీ ఉన్నచోటే అట్లా జరిగితే, ఒక షామియానా, నాలుగు నీళ్ల క్యాన్లు, ఒక డీజే పెట్టుకున్న మీకు అంత ధీమా ఎక్కడిది?

ఇక మీరు చూపించేది కార్లు. ఎండలో కారు ఎట్లా ప్రవర్తిస్తుందో కార్లంటే ప్రేమ ఉన్న మీకు నాకన్నా బాగా తెలియాలి. అద్దాల గుండా లోపలికి వచ్చిన వేడి మళ్లీ బయటికి పోదు. బయట వేడి ఓ మోస్తరుగా ఉన్న రోజున కూడా ఆపి ఉంచిన కారు లోపల ఒక్క గంటలో సగటున 22 డిగ్రీల దాకా పెరుగుతుందని, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుందని 2005లో అమెరికా పరిశోధకులు కొలిచి చూపించారు. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. బయట 44 ఉన్న రోజున లోపల ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఆ కారు డోరు తీసి, “ఎక్కి కూర్చో బేటా, ఫొటో దించుతా” అని పిల్లల్ని పిలవడమే కదా మీ ప్రదర్శనలో అసలు ఆకర్షణ?

2025 ఏప్రిల్ 14న మన రాష్ట్రంలోనే, చేవెళ్ల మండలం దామరగిద్దలో, ఆగి ఉన్న కారులో చిక్కుకుని ఇద్దరు చిన్నారులు ఊపిరాడక చనిపోయారు. నెల తిరగ్గానే, మే 18న, విజయనగరం జిల్లా ద్వారపూడిలో అట్లాగే నలుగురు పిల్లలు పోయారు. ఆడుకుంటూ ఎక్కారు, డోర్లు లాక్ పడ్డాయి, పెద్దవాళ్లు చూసుకునేసరికి ఆలస్యమైపోయింది. ఆ రెండుచోట్లా ఉన్నది ఒక్కొక్క కారు. మీ మైదానంలో వరుసలు వరుసలుగా కార్లు, సెలవుల్లో వచ్చిన పిల్లల గుంపులు, చెవులు చిల్లులు పడే డీజే మోత. ఏ కారులో ఏ పిల్లవాడు మిగిలిపోయాడో చూడటానికి వరుసకొక మనిషిని పెట్టారా? డీజే మోతలో లోపలి నుంచి అద్దం కొట్టే చప్పుడు ఎవరికి వినపడాలి?

ఏసీ గురించి కూడా ఒక మాట. ప్రదర్శనకు వచ్చిన కార్ల ఓనర్లు తమ బండ్లలో ఇంజిన్ ఆన్ చేసి ఏసీ పెట్టుకుని కూర్చుంటారు. ఏసీ వేడిని మాయం చేయదు. లోపలి వేడిని తీసి బయట పారబోస్తుంది. దానికి ఇంజిన్ వేడి, పొగ తోడవుతాయి. కార్లన్నీ అట్లా నడుస్తుంటే మధ్యలో ఉన్న దారిలో నడిచేవాళ్ల మీదికి వచ్చేది ఏమిటి? చల్లదనం లోపల కూర్చున్నవారికి, సెగ బయట నిలబడ్డవారికి. ఈ పంపకాన్ని మీరు సేవ అంటున్నారు.

చిత్రమేమిటంటే, కార్లను నిజంగా ప్రేమించేవాళ్లు వాటిని ఎండలో పెట్టరు. ఢిల్లీ, కోల్‌కతాల్లో 1960ల నుంచి పేరుపొందిన స్టేట్స్‌మన్ పత్రిక పాతకార్ల ర్యాలీలు జరిగేది ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో. పాత ఇంజిన్లు వేడికి తట్టుకోలేవని, రేడియేటర్లు మరుగుతాయని వాళ్లకు తెలుసు. వాళ్లు బండి కోసం చలికాలం దాకా ఆగుతున్నారు. మనిషి కోసం మీరు సాయంత్రం దాకా కూడా ఆగలేరా?

అసలు ఆ ఎండలో నిలబడేది ఎవరో ఒక్కసారి చూడండి. ముఖ్య అతిథి ఏసీ కారులో వచ్చి, కూలర్ల ముందు అరగంట కూర్చుని, రిబ్బన్ కత్తిరించి వెళ్లిపోతారు. టెంట్‌హౌస్ పిల్లలు మాత్రం ముందురోజు మధ్యాహ్నం నుంచే అక్కడుంటారు. ఇనుప పైపులు ఒట్టి చేత్తో పట్టుకోలేక తువ్వాల చుట్టుకుని ఎత్తుతారు. మేకు మీద సుత్తి దెబ్బ వేసేవాడు ప్రతి నాలుగు దెబ్బలకూ ఆగి, అదే తువ్వాలతో కళ్లలోకి కారిన చెమట తుడుచుకుంటాడు. పార్కింగ్ దగ్గర విజిల్ ఊదుతూ హోంగార్డు, చెత్త ఎత్తుతూ మున్సిపాలిటీ కాంట్రాక్టు కార్మికురాలు, బూర ఊదుతూ బ్యాండువాళ్లు, పూలు పట్టుకుని వరుసలో నిలబడ్డ పిల్లలు. వీళ్లలో ఎవరికీ “నేను రాను” అనే వీలు లేదు. “వచ్చేది రానిది వాళ్లిష్టం కదా” అంటున్నారే, వీళ్ల ఇష్టం ఎవరడిగారు?

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఇంకొక సంగతి ఉంది. ఇక్కడ పగలు అందరికీ పగలు కాదు. నైట్ షిఫ్ట్ చేసి ఉదయం క్వార్టర్‌కు వచ్చిన మనిషికి మీ పదకొండు గంటలే నడిరాత్రి. యూనియన్ లీడర్ ఫోన్ చేశాడనో, సార్లు రమ్మన్నారనో వాలంటీర్‌గా వచ్చి ఎండలో నిలబడతాడు. రాలేదనుకున్నా మీ డీజే అతన్ని పడుకోనివ్వదు. మళ్లీ రాత్రికి మస్టర్ పడాలి. నిద్ర లేక, ఒంట్లో నీళ్లు లేక, ఓపెన్‌కాస్టు హాల్ రోడ్డు మీద వంద టన్నుల డంపర్ స్టీరింగ్ పట్టుకోవాలి. మీ ప్రదర్శన తాలూకు ప్రమాదం మైదానంలోనే ముగియదు. అది ఆ రాత్రి షిఫ్టు దాకా వెంట వస్తుంది. ఈ లెక్క మీ ఖర్చుల పట్టికలో ఎక్కడైనా ఉందా?

రిటైరైన కార్మికులు కూడా మీ ప్రేక్షకులే. పిలిస్తే వచ్చేది వాళ్లే, ముందు కుర్చీల్లో చివరిదాకా కూర్చునేదీ వాళ్లే. ఏళ్ల తరబడి బొగ్గుదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు, షుగర్, బీపీ గోలీలు. బీపీకి వాడే కొన్ని మందులు ఒంట్లో నీటిని బయటికి పంపిస్తాయి, మరికొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఎండలో ఒళ్లు తనను తాను కాపాడుకోవడానికి కావలసినవే ఆ రెండూ. వయసు పైబడిన ఒంట్లో దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. “మనవాళ్లకు ఎండ అలవాటే” అని మీరు కొట్టిపారేసే మాట వాళ్ల విషయంలో ఎంత అన్యాయమో ఆలోచించండి. అలవాటు కొంతవరకే కాపాడుతుంది. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ లెక్కల్లోనే రెండు వేలకు అటూ ఇటుగా జనం వడదెబ్బకు పోయారు. వాళ్లంతా ఎక్కడివాళ్లు? చల్లటి దేశాల నుంచి వచ్చినవాళ్లా? ఎండకు పుట్టి ఎండలో పెరిగినవాళ్లే కదా!

“మే నెలలో పెళ్లిళ్లు జరగడం లేదా?” అని అడుగుతారు. జరుగుతున్నాయి. పెళ్లిలో ఎవరు ముసలివాళ్లో, ఎవరికి ఒంట్లో బాగాలేదో ఇంటివారికి తెలుసు. ఎవరైనా తూలితే పట్టుకునే చేతులు పక్కనే ఉంటాయి. పైగా ఈ రోజుల్లో హాళ్లలో పెళ్లి, రాత్రి విందు. మీ మైదానంలో పడిపోయిన మనిషి పక్కన ఎవరుంటారు? “మజ్జిగ పంచుతాం, చలివేంద్రం పెడతాం” అంటారు. పెట్టండి, పుణ్యం. కానీ ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, స్పృహ తప్పుతున్న మనిషికి మజ్జిగ వైద్యం కాదు, ఆ స్థితిలో నోట్లో ఏదైనా పోయడమే ప్రమాదం. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గాలి ఆడేట్టు చేసి, 108కు ఫోన్ చేయాలి. మీ వాలంటీర్లలో ఈ వరస ఎందరికి తెలుసు? ఒకవేళ ఆ 108 బండిని ముందే తెచ్చి మీ గేటు దగ్గర నిలబెట్టుకున్నారనుకోండి, అదే సమయంలో అడవి అంచు గూడెంలో నొప్పులు పడుతున్న ఆడబిడ్డ ఎవరికి ఫోన్ చేయాలి?

“సెలవులు ఇప్పుడే కదా, పిల్లలకు తీరుబడి” అన్నది ఇంకో వాదన. ఆ సెలవులు ఎందుకిచ్చారు? మార్చి నడిమి నుంచే ఒంటిపూట బడులు పెట్టి, పిల్లల్ని మధ్యాహ్నం పన్నెండున్నర కల్లా ఇల్లు చేర్చాలని ప్రభుత్వం ఏటా ఏర్పాటు చేస్తున్నది ఎందుకు? ఎండలో తిరగొద్దనే కదా! బడి కాపాడి ఇంటికి పంపిన పిల్లవాడిని మైకు పెట్టి మైదానానికి పిలుస్తున్నది మీరు.

ఇక అనుమతులిచ్చే అధికారులకు విడిగా ఒక ప్రశ్న. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, ప్రాణం పోతే ఆ కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది. మంచి నిర్ణయం. వరదను కూడా విపత్తు అంటాం. వాగు పొంగుతున్నప్పుడు ఒడ్డున తిరునాళ్లకు మీరు అనుమతిస్తారా? పోలీసులను పెట్టి మరీ జనాన్ని వెనక్కి పంపుతారు. ఎండ విషయానికి వచ్చేసరికి “అవసరమైతే తప్ప బయటికి రావద్దు” అని పొద్దున ఒక ప్రకటన, “మైదానంలో సభకు అభ్యంతరం లేదు” అని సాయంత్రం ఒక సంతకం. ఈ రెండూ ఒకే ఆఫీసు నుంచి వస్తే మేం ఏది నమ్మాలి? సౌండ్ బాక్సులు ఎన్ని, బందోబస్తుకు ఎందరు, ట్రాఫిక్ ఎటు మళ్లించాలి అని అడిగే మీరు, నీడ ఎంత, వేళ ఏది, ఆరెంజ్ అలర్ట్ వస్తే ఏం చేస్తారు అని ఎందుకు అడగరు? అహ్మదాబాద్ 2010 మే నెలలో వందలాది ప్రాణాలు పోగొట్టుకుని, 2013 నాటికి ఎండల కార్యాచరణ ప్రణాళిక రాసుకుంది. మన రాష్ట్రానికీ అట్లాంటి ప్రణాళిక ఉంది. అది బీరువాలో ఉండటానికి రాసింది కాదు కదా?

సింగరేణి యాజమాన్యానికి కూడా. మైదానాలు మీవి, కరెంటు మీది, చాలాచోట్ల నీళ్ల ట్యాంకర్ మీది. ఓపెన్‌కాస్టుల్లో ఎండాకాలం వస్తే మజ్జిగ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచుతారు, విశ్రాంతి షెడ్లు చూసుకుంటారు. పని వేళలు మార్చాలని యూనియన్లు అడిగితే కూర్చుని మాట్లాడతారు. ఉత్పత్తి కోసం అంత జాగ్రత్త తెలిసిన సంస్థ, అదే కార్మికుడు, అదే కార్మికుడి పిల్లలు గేటు బయట మైదానంలో నిలబడ్డప్పుడు “అది వేరే వాళ్ల కార్యక్రమం” అనవచ్చా? రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న ప్రభుత్వ సంస్థ మీది. మైదానం తాళంచెవి ఇచ్చేటప్పుడు షరతులు కూడా ఇవ్వడం మీ బాధ్యత.

అందుకని నేను కోరేది ప్రదర్శన మానుకోమని కాదు. డిసెంబర్ 23న సింగరేణి డే వస్తుంది. మన దగ్గర ఆ రోజుల్లో మధ్యాహ్నం ఎండ కూడా హాయిగా ఉంటుంది. జనం ఎట్లాగూ కుటుంబాలతో కదులుతారు. కార్లు అప్పుడు పెట్టండి, మేమూ వస్తాం, మా శక్తికొద్దీ ఇస్తాం. నిధి అత్యవసరమైతే, ఆసుపత్రి మంచం మీద ఎవరైనా ఎదురుచూస్తుంటే, విరాళం ఇప్పుడే అడగండి. అప్పుడు మైదానమెందుకు, కార్లెందుకు? మస్టర్ దగ్గర ఒక హుండీ పెట్టినా, ఫోన్లో పంపే ఏర్పాటు చేసినా చాలు. బాయి మీద తోటి కార్మికుడికి కష్టమొస్తే చందా వేయడం మనకు ఎవరో నేర్పాల్సిన సంగతి కాదు. షామియానాకు, డీజేకు, ఫ్లెక్సీలకు, శాలువాలకు అయ్యే ఖర్చు కూడా ఆ నిధిలోనే పడుతుంది. వేసవిలోనే పెట్టి తీరాలంటే పొద్దున తొమ్మిదిలోగా ముగించండి, లేదా పొద్దు గుంకాక లైట్ల వెలుగులో మొదలుపెట్టండి. కార్లకు లైట్ల వెలుగులోనే ఎక్కువ అందం కూడా.

పెట్టేటప్పుడు కొన్ని సంగతులు కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని గేటు దగ్గర అందరికీ కనపడేట్టు అతికించండి. ఎంత వేడి దాటితే కార్యక్రమం ఆపేస్తారో ముందే చెప్పండి. ఆరెంజ్ అలర్ట్ వస్తే వాయిదా, రెడ్ అలర్ట్ వస్తే రద్దు అని స్పాన్సర్లతో ఒప్పందంలోనే రాసుకోండి. అప్పుడు “డబ్బు పోతుంది” అన్న బెంగ మీ నిర్ణయాన్ని వంచదు. బడి పిల్లల్ని, కాంట్రాక్టు కార్మికుల్ని, హోంగార్డుల్ని గంటల తరబడి ఎండలో నిలబెట్టబోమని రాయండి. కారు డోర్లు తాళం వేసి ఉంచి, ఎక్కించేది ఒక మనిషి ఎదుటే అని నియమం పెట్టండి. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆయన లేకుండానే మొదలుపెడతామని కూడా రాయండి. ఈ ఒక్క వాక్యం రాయడానికే మీకు అన్నిటికన్నా ఎక్కువ ధైర్యం కావాలని నాకు తెలుసు.

అన్నిటికీ పైన ఒక పేరు రాయండి. గనికి మేనేజర్ ఉన్నట్టు ఆ రోజు ఆ మైదానానికి ఒక మనిషి. మంత్రి వేదిక మీద ఉన్నా సరే, కెమెరాలు నడుస్తున్నా సరే, “ఇక చాలు, అందరూ నీడకు నడవండి” అని మైకులో చెప్పగల అధికారం ఉన్న మనిషి. ఏదైనా జరిగితే “నేనున్నాను, నన్నడగండి” అని ముందుకు రావలసిన మనిషి. ఆయన పేరు, ఫోన్ నంబర్ అనుమతి దరఖాస్తులో లేకపోతే సంతకం చేయబోమని అధికారులు, తాళంచెవి ఇవ్వబోమని యాజమాన్యం తీర్మానించుకుంటే చాలు, నేను రాసినవాటిలో మిగతావన్నీ ఆ మనిషే చూసుకుంటాడు. తన పేరు మీద ప్రాణాల పూచీ పడ్డాక ఎవరూ మే నెల మిట్టమధ్యాహ్నం ముహూర్తం పెట్టరు.

ఆ పేరు రాయడానికి మీలో ఒక్కరైనా సిద్ధంగా ఉన్నారా? ఉంటే మా చందా మీకే, మా చప్పట్లూ మీకే. ఎవరూ లేకపోతే మా పిల్లల్ని ఆ మైదానానికి పిలిచే హక్కు మీకు లేదు.

ఇట్లు,
భవదీయుడు,
కాసిపేట వాసి, ఒక సింగరేణి కుటుంబీకుడు